యుద్ధం ఆగిన దేశంలో పోలీసుల్ని మళ్లీ నిలబెట్టాలంటే: అరెస్టయినవాడి వెంట నడవండి

యుద్ధం ఆగి ఆర్నెల్లయిన దేశం ఒకటి ఊహించుకోండి. రాత్రి పదింటికి, ఇల్లు తగలబెట్టబోతున్న ఒకణ్ని కానిస్టేబుల్ పట్టుకున్నాడు. సరే, తర్వాత? ఏ చట్టం కింద పట్టుకున్నాడు, ఎక్కడ కూర్చోబెట్టాడు, ఆ రాత్రి వాడికి తిండి ఎవరు పెట్టారు, రాసుకోడానికి స్టేషన్లో కాగితం ఉందా, అసలు ఆ కానిస్టేబుల్‌కి రాయడం వచ్చా, ఎన్నో రోజున ఏ జడ్జి ముందు నిలబెట్టారు, ఆ జడ్జి సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరాడా, సాక్షి మాట మార్చకుండా నిలబడ్డాడా, శిక్ష పడితే ఉంచడానికి జైలుందా. వీటిలో ఎక్కడ "లేదు" అని జవాబొస్తే మీ పని అక్కడుంది.

ఇలాంటి ప్లాన్లు రాసేవాళ్లు చాలామంది ఇంకో వైపు నుంచి మొదలెడతారు. ఇన్ని వేలమంది పోలీసులు, ఇన్ని వారాల ట్రైనింగ్, ఇన్ని జీపులు. డబ్బిచ్చే దేశాలకి లెక్క చూపించడం తేలిక కాబట్టి అలా అలవాటైపోయింది. ఆ లెక్కలన్నీ నిండినా పట్టుబడినవాడు మర్నాడు పొద్దున్నే నవ్వుకుంటూ ఇంటికెళ్లిపోయిన దేశాలున్నాయి. అందుకే ఈ గైడ్ అంతా ఆ పట్టుబడినవాడి వెనకే నడుస్తుంది, మధ్యలో కొన్ని చోట్ల ఎక్కువసేపు ఆగుతుంది.

మొదటి నెల

కొత్త పోలీసులు తయారవడానికి ఏళ్లు పడుతుంది, దోపిడీలు మాత్రం మొదటి రోజే మొదలవుతాయి. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ పడిపోగానే ఇరాక్ పోలీసులు యూనిఫాం విప్పేసి ఇళ్లకెళ్లిపోయారు. అమెరికా సైన్యం ఊళ్లో ఉండగానే ప్రభుత్వ భవనాలు, ఆస్పత్రులు, జాతీయ మ్యూజియం లూటీ అయ్యాయి. చమురు శాఖ భవనానికి మాత్రం కాపలా పెట్టారు. అది చూసిన జనం ఏమనుకుని ఉంటారో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అది చాలదన్నట్టు మే 23న సైన్యాన్నే రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు, దాంతో లక్షలమంది ఒక్క దెబ్బతో జీతం లేనివాళ్లయ్యారు, తుపాకులు మాత్రం వాళ్ల దగ్గరే ఉన్నాయి. బోస్నియాలో కూడా ఇదే తంతు. 1995 డిసెంబర్‌లో అక్కడి యుద్ధాన్ని ఆపిన డేటన్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 1996 మొదట్లో రాజధాని సరయేవో శివార్లు చేతులు మారుతున్నప్పుడు, ఖాళీ చేసి వెళ్తున్న సెర్బులు ఇళ్లకి నిప్పు పెట్టుకుంటూ పోతుంటే నాటో సైనికులు చూస్తూ ఉండిపోయారు. ఐక్యరాజ్యసమితి పంపిన పోలీసులు అప్పటికి సరిపడా రాలేదు, వచ్చినవాళ్ల దగ్గర ఆయుధం లేదు, అరెస్టు చేసే అధికారమూ లేదు.

కాబట్టి సంతకాలకి ముందే సిద్ధం చేసుకోవాల్సింది, కొత్త పోలీసులు తయారయ్యేదాకా నడిపే మధ్యకాలపు బలగం. సైనికుడికి శత్రువుని ఎదుర్కోవడం నేర్పుతారు, గుంపుని చెదరగొట్టి ఎవరూ చావకుండా ఇంటికి పంపడం అతని పని కాదు. ఆ పని తెలిసినవి ఇటలీలో సైనిక శిక్షణతో పోలీసు పని చేసే కారబినియేరి లాంటి దళాలు, లేదా ఐక్యరాజ్యసమితి వాడే సాయుధ పోలీసు యూనిట్లు, ఒక్కోదానిలో సుమారు 140 మంది. వీటిని రప్పించడానికి నెలలు పడుతుంది, కాబట్టి చర్చలు నడుస్తుండగానే అడగడం మొదలెట్టండి. తొందరపడుతున్నామేమో అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

ఏ చట్టం?

వినడానికి సిల్లీ ప్రశ్నలా ఉంటుంది గానీ కొసావోలో దీని దగ్గరే బండి ఆర్నెల్లు ఆగిపోయింది. 1999 జూన్ 10న భద్రతా మండలి 1244వ తీర్మానంతో ఐక్యరాజ్యసమితి అక్కడ పాలన చేపట్టి, అంతకుముందు అమల్లో ఉన్న చట్టాలే నడుస్తాయని ప్రకటించింది. అక్కడ మెజారిటీ అయిన అల్బేనియన్ల జడ్జీలు ఒప్పుకోలేదు. పదేళ్లపాటు తమని అణచిన సెర్బియా ప్రభుత్వం రాసిన చట్టం పట్టుకుని తీర్పులు ఎలా ఇస్తామన్నారు. వాళ్లు 1989కి ముందున్న చట్టాల్నే వాడుకుంటూ పోయారు, ఐక్యరాజ్యసమితి పోలీసులు ఏది వాడాలో తెలీక తలలు పట్టుకున్నారు. చివరికి డిసెంబర్‌లో దిగొచ్చి, 1989 మార్చిలో కొసావో స్వయంప్రతిపత్తి పోకముందు ఉన్న చట్టమే వర్తిస్తుందని మార్చారు.

మీరు చేయాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. ఆ దేశపు లాయర్లని, జడ్జీలని అన్ని వర్గాల నుంచీ పిలిచి మొదటి వారంలోనే కూర్చోబెట్టండి, ఏ శిక్షాస్మృతిని జనం తమదిగా ఒప్పుకుంటారో అడగండి, అందులో మరీ దుర్మార్గంగా ఉన్న సెక్షన్లు ఏవో వాటిని పక్కన పెట్టి మిగతాది అమల్లో పెట్టండి. కొత్త చట్టం మొత్తం రాసేద్దాం అనే ఉత్సాహవంతులు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు వస్తారు, సాధారణంగా బయటి దేశాల ప్రొఫెసర్లు, వాళ్లకి టీ ఇచ్చి రెండేళ్ల తర్వాత రమ్మనండి. ఎంచుకున్న చట్టాన్ని అక్కడి భాషల్లో అచ్చు వేయించి ప్రతి స్టేషన్‌కీ పంపండి.

ఎవర్ని ఉంచాలి, ఎవర్ని పంపాలి

అందర్నీ తీసేసి కొత్తవాళ్లతో నింపొచ్చు, పాతవాళ్లని జల్లెడ పట్టొచ్చు, లేదా వాటాలు వేసి కలపొచ్చు. మూడూ ఎక్కడో ఒకచోట చేసి చూశారు.

ఎల్ సాల్వడార్‌లో 1992 జనవరి 16 నాటి శాంతి ఒప్పందం వాటాల దారి పట్టింది: కొత్త జాతీయ సివిల్ పోలీసులో 20 శాతం పాత పోలీసులు, 20 శాతం మాజీ గెరిల్లాలు, మిగతా 60 శాతం ఏ పక్షానా పోరాడనివాళ్లు. నా ఉద్దేశంలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇది మంచి ఐడియా, ఎందుకంటే పాత శత్రువులిద్దరిలో ఎవరికీ మెజారిటీ రాదు. కానీ అక్కడే పెద్ద చిల్లు కూడా పడింది. దర్యాప్తు, మాదకద్రవ్యాల విభాగాల్ని "నైపుణ్యం ఉన్నవాళ్లు" అన్న పేరుతో పాత దళం నుంచి గుంపుగుంపుగా కొత్తదాంట్లోకి తెచ్చి పెట్టారు, పాత అలవాట్లూ వాళ్లతోపాటే వచ్చాయి. మనుషుల్ని ఒక్కొక్కరిగా తీసుకోండి, యూనిట్లని యూనిట్లుగా ఎప్పుడూ తీసుకోకండి. ఈ ఒక్క నియమం గోడ మీద రాసి పెట్టుకోవచ్చు.

జల్లెడ పట్టడం బోస్నియాలో జరిగింది. 1995 చివర్లో యుద్ధం ముగిసేసరికి అక్కడ నలభై వేలకి పైగా పోలీసులున్నారు, చాలామంది నిజానికి యూనిఫాం తొడుక్కున్న సైనికులు. ఐక్యరాజ్యసమితి వాళ్లందర్నీ రిజిస్టర్ చేసి, ఒక్కొక్కరి గతం చూసి, పనికొస్తారనుకున్నవాళ్లకే సర్టిఫికెట్ ఇచ్చింది. పని మంచిదే, పద్ధతిలో లోపం ఏంటంటే తీసేసినవాళ్లకి అప్పీలు చేసుకునే దారి సరిగ్గా లేదు. ఆ గొడవ ఏళ్ల తరబడి నలిగి, 2007లో భద్రతా మండలి వాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పాల్సొచ్చింది. చట్టబద్ధ పాలన నేర్పడానికి వచ్చినవాళ్లే కారణం చెప్పకుండా ఉద్యోగం తీసేస్తే, చూసేవాళ్లు నేర్చుకునేది అదే కదా. తీసేసే ముందు ఆరోపణ కాగితం మీద ఇవ్వండి, జవాబు చెప్పుకోడానికి గడువు ఇవ్వండి, అప్పీలు వినడానికి వేరే మనుషుల్ని పెట్టండి. నెమ్మదవుతుంది, ఫర్వాలేదు. తీసేసినవాడికి చేతిలో కొంత సొమ్ము, ఇంకో పని దొరికే దారి కూడా చూపించండి, లేకపోతే ఆ మనిషి రేపు ఏ ముఠాలో కనిపిస్తాడో మీకూ తెలుసు.

అందర్నీ ఒకేసారి పంపేయడం గురించి అడిగితే జార్జియా పేరు చెబుతారు. 2003 చివరి గులాబీ విప్లవం తర్వాత అక్కడ లంచాలకి పేరుమోసిన ట్రాఫిక్ పోలీసుల్ని వేలల్లో తీసేసి, కొత్తవాళ్లని మంచి జీతాలకి పెట్టుకున్నారు, స్టేషన్లకి అద్దాల గోడలు కట్టారు. రోడ్డు మీద మామూళ్లు నిజంగానే తగ్గిపోయాయి. అయితే అక్కడ ప్రభుత్వం గట్టిగా ఉంది, రాజధానిలో అప్పుడు కాల్పులేమీ లేవు. ప్రభుత్వమే ఊగుతున్న చోట ఈ ప్రయోగం చేసి బాగ్దాద్ తెచ్చుకోకండి.

జీతం: ఇక్కడ కాస్త ఆగుదాం

అసలు రహస్యం అకౌంట్స్ గదిలో ఉంటుంది. 2009లో అఫ్గానిస్తాన్ వార్దక్ ప్రావిన్స్‌లో కొద్దిమంది పోలీసులకి జీతాన్ని నగదుగా కాకుండా మొబైల్ ఫోన్ ద్వారా నేరుగా పంపి చూశారు. డబ్బు అందగానే కొందరు జీతం పెంచారనుకున్నారు. పెంచిందేమీ లేదు, మధ్యలో పైఅధికారి కోసుకునే వాటా తెగిపోయింది అంతే. అదే లెక్కలో ఇంకో సంగతి కూడా బయటపడింది, జాబితాలో ఉండి భూమ్మీద లేని పోలీసులు. కాగితం మీది ఈ పోలీసుల జీతం ఎవరి జేబులోకి పోయేదో ఊహించడం కష్టం కాదు. కొన్ని సంగతులు తెలుసుకోవడానికి పెద్ద కమిషన్లు అక్కర్లేదు, జీతం నేరుగా వేసి చూస్తే చాలు.

ఇక్కడ అరెస్టయినవాడి దగ్గరికి ఓసారి వెనక్కి వద్దాం. జీతం మూడు నెలలుగా రాని కానిస్టేబుల్‌కి వాడు దొరికాడనుకోండి, ఆ కానిస్టేబుల్ చూపు ముందు వాడి జేబు మీదకే పోతుంది. చెక్‌పోస్టులు ఊరికే పుట్టుకురావు, జీతం రాని చోట అదే జీతం.

కాబట్టి శిక్షణకంటే ముందు తలలు లెక్కపెట్టండి. ప్రతి ఒక్కర్నీ ఫొటో, వేలిముద్రలతో నమోదు చేయండి, నెలనెలా జీతం నేరుగా మనిషికే చేరేలా చూడండి, ఆర్నెల్లకోసారి ముందు చెప్పకుండా వెళ్లి తలలు మళ్లీ లెక్కపెట్టండి. కమాండర్ చేతికి నగదు సంచి ఇవ్వడం మానేయండి. దీనికి కమాండర్లు ఒప్పుకోరు, బ్యాంకులు లేవంటారు, సిగ్నల్ లేదంటారు, మావాళ్లకి చదువు రాదంటారు. కొన్నిసార్లు నిజమే చెబుతారు కూడా. అప్పుడు చెల్లింపు చేసే మనిషి వేరే శాఖవాడై ఉండాలి, నగదే ఇచ్చినా సరే.

ఇంకోటి, జీతం ఎంత ఉండాలన్నది బయటి దాత ఇచ్చే దాన్ని బట్టి కాకుండా ఆ దేశం పదేళ్ల తర్వాత సొంతంగా ఇవ్వగలిగేదాన్ని బట్టి నిర్ణయించండి.

ట్రైనింగ్

2002లో దాత దేశాలు అఫ్గానిస్తాన్‌ని పంచుకున్నాయి: పోలీసు జర్మనీకి, న్యాయవ్యవస్థ ఇటలీకి, సైన్యం అమెరికాకి. జర్మనీ కాబూల్ అకాడమీలో అధికారులకి మూడేళ్ల కోర్సు పెట్టింది, పద్ధతి బాగుంది, కానీ అలా వెళ్తే దేశానికి సరిపడా పోలీసులు రావడానికి తరాలు పట్టేది. దాంతో అమెరికా దిగి కాంట్రాక్టు కంపెనీలతో కొన్ని వారాల కోర్సులు మొదలెట్టింది. ఒకటి మరీ నెమ్మది, ఇంకోటి మరీ తొందర, రెండూ ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుకోలేదు. పైగా వచ్చినవాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. చదవడం రానివాడికి నేరస్థలం రిపోర్టు రాయమని స్లైడ్లు చూపిస్తే ఏం లాభం. ఆపైన తిరుగుబాటుదారులతో పోరాడటానికి సైనికులు చాలక వీళ్లనే ముందుకి తోశారు, పోలీసులు చెక్‌పోస్టుల్లో సైనికులకంటే ఎక్కువగా చచ్చిపోయారు.

కొసావో పద్ధతి నాకు నచ్చుతుంది. 1999 సెప్టెంబర్‌లో వుష్త్రి అనే ఊళ్లో పోలీసు స్కూలు తెరిచి, అల్బేనియన్లు, సెర్బులు, ఇతరులు, మగవాళ్లు, ఆడవాళ్లు అందరికీ ఒకే తరగతిలో కొన్ని వారాలు నేర్పి, ఆ తర్వాత నెలల తరబడి రోడ్డు మీద అనుభవం ఉన్న అంతర్జాతీయ పోలీసు పక్కన నడిపించారు. పోలీసు పని సగం పక్కవాణ్ని చూసే వస్తుంది. పక్కన ఎవర్ని పెడుతున్నారన్నది అందుకే సిలబస్‌కంటే ముఖ్యం. ఒక జాగ్రత్త: పక్కన నడవడానికి వచ్చే విదేశీ పోలీసులకి ఆ భాష రాదు, చాలామంది ఏడాదిలో వెళ్లిపోతారు, కొందరి సొంత దేశాల్లో పోలీసు పేరు చెబితేనే జనం పారిపోతారు. వాళ్లనీ జల్లెడ పట్టండి. మంచి అనువాదకుల మీద డబ్బు ఖర్చు పెట్టండి, వాళ్లు లేకపోతే పక్కన నడిచేవాడు ఊరికే నడుస్తాడు.

కోర్టు, జైలు

హైతీలో 1995లో సైన్యాన్ని రద్దు చేసి, నాలుగు నెలల కోర్సుతో రెండేళ్లలోపే ఐదు వేలమంది కొత్త పోలీసుల్ని తయారుచేశారు. కోర్టుల్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. పోలీసులు పట్టుకొచ్చినవాణ్ని జడ్జి డబ్బు తీసుకునో, భయపడో వదిలేస్తాడు, లేదంటే ఫైలే కనపడదు. కొన్నాళ్లకి పోలీసుకి విసుగొచ్చి శిక్ష తానే వేయడం మొదలెడతాడు. ఇంకోవైపు డబ్బు లేనివాడు విచారణ లేకుండా ఏళ్లకేళ్లు లోపలే ఉంటాడు. హైతీ జైళ్లలో ఎక్కువమంది అసలు విచారణ కానివాళ్లే. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల పనితీరు మీద 2000 ఆగస్టులో వచ్చిన బ్రాహిమి నివేదిక పోలీసు, కోర్టు, జైలు ఒక్క ప్యాకేజీగా పంపాలని మొత్తుకుంది. అందరూ తలూపారు. జైళ్లకి డబ్బిచ్చేవాళ్లు ఆ తర్వాత కూడా పెద్దగా ముందుకి రాలేదు, జైలు ముందు రిబ్బన్ కత్తిరిస్తూ ఫొటో దిగాలని ఏ రాయబారికి ఉంటుంది చెప్పండి.

జడ్జీల విషయంలో, సొంతవాళ్ల మీద తీర్పు చెప్పాల్సిన స్థానిక జడ్జికి ఇంటి దగ్గర బెదిరింపులొస్తాయి. కొసావోలో 2000 నుంచి యుద్ధ నేరాలు, జాతి గొడవల కేసుల్లో అంతర్జాతీయ జడ్జీలని, ప్రాసిక్యూటర్లని కూర్చోబెట్టారు. మొదట్లో బెంచిలో వాళ్లు మైనారిటీ, ఓట్లు వేస్తే ఓడిపోయేవాళ్లు, సంవత్సరం చివరికి మెజారిటీ ఉండేలా నియమం మార్చారు. సగం సగం చేస్తే పని జరగదని నేర్చుకోడానికి ఏడాది పట్టింది.

కోర్టులు ఏ రకంగానూ సరిపోని పరిస్థితీ ఉంటుంది. 1994 మారణహోమం తర్వాత రువాండా జైళ్లలో లక్షకి పైగా నిందితులు, మామూలు కోర్టుల్లో విచారిస్తే వందేళ్లు పడుతుందన్నారు. 2002లో గచాచా పేరుతో ఊరి కోర్టులు మొదలెట్టి 2012లో ముగించేసరికి దాదాపు 19 లక్షల కేసులు తేల్చారు. లాయర్లు లేరు, గెలిచిన పక్షం చేసిన హత్యలు అక్కడికి రాలేదు, పాత పగలు తీర్చుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా వేరే దారి ఏముందని అడిగితే నా దగ్గర తేలిక జవాబు లేదు. ఊరి పెద్దల పంచాయితీని వాడుకోవాలనుకుంటే భూమి తగాదాలు, చిన్న దొంగతనాలు అక్కడికి పంపండి, అత్యాచారం కేసులు మాత్రం పంపకండి. సియెర్రా లియోన్‌లో 2001 నుంచి అలాంటి కేసులకి స్టేషన్లలోనే కుటుంబ సహాయ విభాగాలు పెట్టారు, అది నడిచే దారి.

లోపల ఏం జరుగుతోందో చూసే హక్కు బయటివాళ్లకి మొదటి రోజు నుంచీ ఉండాలి. 2005 నవంబర్‌లో బాగ్దాద్ జాద్రియా ప్రాంతంలో అంతర్గత వ్యవహారాల శాఖ భవనం ఒకదాంట్లో 160 మందికి పైగా ఖైదీలు, చాలామంది దెబ్బలతో, తిండి లేక చిక్కిపోయి కనిపించారు. అప్పటికి ఆ శాఖకి అమెరికా డబ్బు, సలహాదారులు రెండేళ్లుగా అందుతున్నాయి.

మంత్రి ఎవరు, పోలీసు ఎవరివాడు

దీన్ని సాంకేతిక పని అనుకునేవాళ్లు తూర్పు తిమోర్ వైపు చూడాలి. ఐక్యరాజ్యసమితి 2000 నుంచి కట్టుకొచ్చిన పోలీసు దళం 2006లో చీలిపోయింది, సైన్యంతోనే కాల్పులు జరిగాయి, మే 25న ఐక్యరాజ్యసమితి జెండా కింద ఆయుధాలు అప్పగించి నడిచి వెళ్తున్న పోలీసుల మీద సైనికులు కాల్పులు జరిపితే 8 మంది చనిపోయారు. మాజీ హోం మంత్రి రొజేరియో లొబాటోకి పౌరుల చేతికి ఆయుధాలిచ్చిన కేసులో 2007లో శిక్ష పడింది. ట్రైనింగ్ ఎంత ఇచ్చినా, పై నుంచి మంత్రి ఫోన్ చేస్తే పోలీసు ఏం చేస్తాడన్నదే అసలు ప్రశ్న. నియామకాలు, బదిలీలు, ప్రమోషన్లు ఒక్క మంత్రి చేతిలో ఉండకుండా బోర్డుకి అప్పగించండి, అందులో ప్రతిపక్షాన్నీ కూర్చోబెట్టండి.

ఈ విషయంలో ఉత్తర ఐర్లండ్‌ని చదవడం మంచిది. అక్కడ క్యాథలిక్కులకీ ప్రొటెస్టంట్లకీ మధ్య దాదాపు ముప్పై ఏళ్లు గొడవలు నడిచాయి, పోలీసుల్లో దాదాపు అందరూ ప్రొటెస్టంట్లే. పోలీసు సంస్కరణల కోసం వేసిన క్రిస్ పాటెన్ కమిషన్ 1999 సెప్టెంబర్‌లో 175 సిఫార్సులు చేసింది. 2001 నవంబర్‌లో పోలీసు పేరు మారింది, చిహ్నం మారింది, కొత్త నియామకాల్లో పదేళ్లపాటు సగం క్యాథలిక్కులు, సగం మిగతావాళ్లు. 8 శాతం దగ్గరున్న క్యాథలిక్కులు 30 శాతం దాకా చేరారు. ఫిర్యాదుల మీద పోలీసుతో సంబంధం లేని అంబుడ్స్‌మన్, అంటే స్వతంత్ర ఫిర్యాదుల అధికారి, దర్యాప్తు చేస్తుంది. ఇంత చేసినా క్యాథలిక్కుల వైపు పెద్ద పార్టీ అయిన షిన్ ఫేన్ పోలీసుని ఒప్పుకుంటున్నామని చెప్పింది 2007లో. ఆ గొడవల్లో పాత పోలీసులు 300 మందికి పైగా చనిపోయి ఉన్నారు, పేరు మార్చడం వాళ్ల కుటుంబాలకి అవమానంలా తోచింది, అదీ అర్థం చేసుకోవాలి. ఇది డబ్బు, కోర్టులు, పార్లమెంటు అన్నీ ఉన్న చోట పట్టిన కాలం.

చిన్న సంగతులు ఒక్కోసారి పెద్ద పని చేస్తాయి. బోస్నియాలో కారు నంబర్ ప్లేటు చూస్తే మనిషి ఏ వైపువాడో తెలిసిపోయేది, అవతలి ప్రాంతంలోకి వెళ్తే పోలీసులే ఆపేవాళ్లు. 1998లో అందరికీ ఒకే రకం ప్లేట్లు తెచ్చారు, అక్షరాలు కూడా లాటిన్‌లో, సిరిలిక్‌లో ఒకేలా ఉండేవే ఎంచుకున్నారు. జనం మళ్లీ అటూ ఇటూ తిరగడం మొదలెట్టారు. లైబీరియాలో 2007లో ఇండియా నుంచి వచ్చిన పూర్తి మహిళా సాయుధ పోలీసు యూనిట్, ఐక్యరాజ్యసమితిలో అలాంటిది అదే మొదటిది, మన్రోవియా వీధుల్లో గస్తీ తిరుగుతుంటే పోలీసు ఉద్యోగం ఆడవాళ్లకీ ఉందని చెప్పే పోస్టర్లు వేరే అక్కర్లేకపోయింది.

వెళ్లిపోవడం

వెళ్లే తేదీ ముందే ప్రకటించి దానికి తగ్గట్టు లెక్కలు సర్దడం మామూలుగా జరిగే తప్పు. తూర్పు తిమోర్‌లో రెండోసారి జాగ్రత్తపడి, 2009 నుంచి 2011 దాకా ఒక్కో జిల్లాకి పరీక్ష పెట్టి బాధ్యత అప్పగించుకుంటూ వచ్చారు. ఆ పరీక్ష మీరు పెట్టేటప్పుడు బలగం, వాహనాల లెక్కలు పక్కన పెట్టండి. ఏదో ఒక మామూలు స్టేషన్‌కి, ముందు చెప్పకుండా, రాత్రిపూట వెళ్లండి. పోయిన నెల అరెస్టుల రిజిస్టర్ తీయమనండి, ఏదో ఒక పేరు మీద వేలు పెట్టి, ఈ మనిషి ఇప్పుడెక్కడున్నాడని అడగండి. రిజిస్టరే లేకపోతే ఇంకో ఏడాది ఉండాల్సొస్తుందని మీవాళ్లకి ఫోన్ చేసి చెప్పేయండి.